ముందు బోరు, తర్వాతే ఊరు: ట్రైలర్ల రాలీకి నా లెక్కలు

మా ఆయనకు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి బళ్ళకో క్యాబిన్లు కట్టి, షెడ్డు తమ్ముడికి అప్పగించాక తనకోసం ఒకటి కట్టుకున్నారు. కారు వెనక తగిలించుకునే పన్నెండడుగుల ట్రైలర్. లోపల రెండు మంచాలు, ఒక పొయ్యి, తలుపు వేస్తే మోకాళ్ళకు తగిలే బాత్రూం. నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. అందుకని చక్రాలు ఆయన చూసుకుంటారు, చిట్టా నేను చూసుకుంటాను.

మాలాగా బండిపిచ్చి ఉన్నవాళ్ళు గుంటూరులో, తెనాలిలో, ఏలూరులో ఒక్కొక్కరే తగిలారు. ఇప్పుడు మొత్తం ఏడు బళ్ళు. మూడు ట్రైలర్లు, ఇల్లుగా మార్చుకున్న ట్రావెలర్ వ్యాన్లు రెండు, టాప్ మీద టెంటు బిగించుకున్న కార్లు రెండు. పిల్లలతో కలిపి ఇరవై రెండు మందిమి. ఏడాదికి రెండు రాలీలు చేస్తాం, అంటే అందరం బళ్ళేసుకుని ఒకచోట చేరి, రాత్రుళ్ళు బళ్ళలోనే ఉండి రావడం. రాలీ అంటే మన దగ్గర జెండాలూ మైకూ గుర్తొస్తాయి. మాకు జెండాల్లేవు. మైకు ఒక్కసారి ఉండింది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ మాట అమెరికావాళ్ళది. ట్రైలర్లు తయారుచేసే వాలీ బయామ్ అనే ఆయన 1950లలో తన దగ్గర బళ్ళు కొన్నవాళ్ళనే వెంటబెట్టుకుని మెక్సికో, మధ్య అమెరికాల మీదుగా బారులు తీయించాడు. 1955లో కెనడాలోని కెంట్‌విల్‌లో వాళ్ళంతా కలిసి క్లబ్బు పెట్టుకున్నారు. 1959లో కేప్‌టౌన్ నుంచి కైరోకు బయల్దేరిన బారు కూడా ఆయన నడిపించిందే. గుంపును నడిపించే మనిషిని అక్కడ వ్యాగన్ మాస్టర్ అంటారు. మా గుంపులో ఆ పని నాకు అంటగట్టారు. తెనాలి వదినగారు మాత్రం నన్ను ‘బళ్ళ పెద్దమ్మ’ అంటుంది.

2019లో డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అలాంటి రాలీ ఒకటి చూశాను. పార్కులో ప్రతి బండికీ ఒక గడి, గడి పక్కనే 30 ఆంపియర్ల ప్లగ్గు, నీళ్ళ కుళాయి. తిరిగి వెళ్ళేటప్పుడు మురుగు ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి వాళ్ళు ‘ఏ సరస్సుకు వెళ్దాం’ అన్న దగ్గర మొదలుపెడితే సరిపోతుంది. మనకు అలా కుదరదు. నీళ్ళు ఎక్కడ పడతాం, మురుగు ఎక్కడ పోస్తాం, బండి ఏ నేల మీద నిలబడుతుంది, ఈ మూడూ తేలాకే ఊరి పేరు అనుకోవాలి. ఇది తిరగేసి చేసినందుకు మా మొదటి రాలీ ఏమైందో చెప్తాను.

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ అనుకున్నాం. ఎవరికి నచ్చదు? సముద్రం కనబడేలా బండి పెట్టుకోవాలని తీసుకెళ్ళి ఇసుక అంచున పెట్టాం. రాత్రి పన్నెండింటికి, కారు నుంచి విప్పాక ట్రైలర్ ముందుభాగాన్ని మోసే జాకీ కాలు ఇసుకలో దిగిపోయి మా ట్రైలర్ ముక్కు కిందికి వంగింది. మంచం మీంచి నేను జారి ఆయన మీద, ఆయన జారి స్టవ్వు మీద. పొద్దున్నే జాలర్లు వచ్చి నవ్వుకుంటూనే సాయం చేశారు. టైర్లలో గాలి సగానికి తగ్గించి, చక్రాల కింద చెక్కలు పరిచి, పదిమంది తోస్తే బయటపడింది. ఇప్పుడు జాకీ కాలి కింద పెట్టడానికి అడుగు చదరం చెక్కలు నాలుగు మా బండిలో ఎప్పుడూ ఉంటాయి. సముద్రానికి వెళ్ళినా బండి గట్టి నేల మీదే ఆపి, ఇసుకలోకి మేమే నడిచి వెళ్తాం.

ఇప్పటిదాకా మాకు బాగా కుదిరిన చోటు నూజివీడు వైపు ఒక మామిడితోట. విజయవాడకు సుమారు 45 కిలోమీటర్లు. ఏలూరు డాక్టరుగారి బావగారిది. బోరుంది, సెప్టిక్ ట్యాంకున్న రెండు మరుగుదొడ్లున్నాయి, గట్టి ఎర్రనేల, కాపలాకు ఒక కుటుంబం. మీకూ ఇలాంటిది బంధువుల్లో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది, వెతకండి. అయితే ముందు రోజు ఒకరు బైకు మీద వెళ్ళి చూసి రావాలి. చూడాల్సినవి: గేటు వెడల్పు, గేటు ముందు కాలువ మీద కల్వర్టు మన బరువు ఆపుతుందా, లోపల బండి తిప్పుకునే చోటుందా, కొమ్మలు ఎంత ఎత్తున ఉన్నాయి. ఈ కొమ్మల సంగతి తేలిగ్గా తీసుకోకండి. గుంటూరు మాస్టారి వ్యాను మీది సోలార్ పలక ఒక చిన్నరసాల కొమ్మకు తగిలి పగిలింది. తోటలో ఒక మామూలు వెదురుకర్రకు మన బండి ఎత్తు దగ్గర గుడ్డ కట్టి, దాన్ని నిలబెట్టి పట్టుకుని దారంతా ఒకసారి నడిస్తే తెలిసిపోతుంది.

తోట బోరుకు వచ్చే కరెంటు వ్యవసాయానికిచ్చినది. దానికి మన ఏసీలు తగిలించడం తప్పు, దొరికితే తోటాయన మీదికి వస్తుంది. అడగనే అడగకండి.

తేదీ విషయం. మన ఎండల్లో మే నెల రాలీ మాట ఎత్తద్దు, రేకుబండి రోహిణికార్తెలో పొయ్యి అవుతుంది. మామిడితోటకు వేసవిలో వెళ్ళాలన్నా వాళ్ళు కోతల్లో, లారీల్లో మునిగి ఉంటారు. డిసెంబరు చివరి నుంచి పూత మీద మందులు కొడతారు. కాబట్టి తోటకు నవంబరే మంచిది, అంటే దాదాపు కార్తీకమాసం. ఆలోచిస్తే మన వనభోజనాలకు చక్రాలు తగిలిస్తే రాలీయే కదా. తోటలో ఉసిరిచెట్టు ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే కొమ్మైనా తెచ్చి పాతాలి, మా అత్తగారు ఊరుకోరు. కార్తీకంలో మాలో సగంమంది మాంసం ముట్టరు, కాబట్టి ఆ రాలీ మొత్తం శాకాహారం. ఎవరికీ చర్చ అక్కర్లేదు. చేపల పులుసు కావాలన్నవాళ్ళు సంక్రాంతి తర్వాత సూర్యలంకకు రావాలి. సంక్రాంతి వారంలో మాత్రం హైవే ఎక్కకండి, హైదరాబాదు సగం మన రోడ్ల మీదే ఉంటుంది.

తీరానికి వెళ్ళేటట్టయితే నవంబరు, డిసెంబరు తుపాన్ల నెలలని మరవద్దు. 2023 డిసెంబరు 8న సూర్యలంక అనుకుని అన్నీ సర్దుకున్నాం. 5న మిచాంగ్ తుపాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. మానేశాం. మానేయడం కష్టం కాలేదు గానీ ఎవరు మానమనాలి అన్నదాని మీద మూడు రోజులు ఫోన్లు. అప్పట్నుంచి రూలు రాసుకున్నాం. బయల్దేరే రోజుకు మూడు రోజుల ముందు సాయంత్రం ఆరింటికి ఒక్కరే చెప్తారు, వెళ్తున్నామో లేదో. ఆ ఒక్కరు నేను. తిట్టేవాళ్ళు నన్ను తిట్టచ్చు.

ఇక డబ్బులు. స్నేహాలు చెడేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. బండికింత, మనిషికింత అని రెండు పద్దులు వేరు చేయండి. చోటు, జనరేటర్ డీజిలు, కాపలా మనిషికిచ్చేది బండి పద్దు. తిండి మనిషి పద్దు. పోయిన నవంబరులో రెండు రాత్రులకు బండికి 1,500, పెద్దవాళ్ళకు 900, పిల్లలకు 450 వేశాను. ఏడు బళ్ళకు 10,500, పద్ధెనిమిది మంది పెద్దలకు 16,200, నలుగురు పిల్లలకు 1,800. మొత్తం 28,500. పదిరోజుల ముందే వసూలు. ఆ తర్వాత రానంటే తిండి డబ్బు తిరిగిస్తాను, బండి డబ్బు ఇవ్వను. చోటు వాళ్ళ కోసం కూడా మాట్లాడాం కదా.

మిగిలిన డబ్బు ఏం చేయాలో కూడా ముందే చెప్పాలి. ఒకసారి 640 రూపాయలు మిగిలాయి. బండికి 91 రూపాయల చిల్లర. వద్దులెండి అని ఆరుగురు అన్నారు. ఏడో ఆయన ఏమీ అనలేదు, కానీ ఇంటికెళ్ళాక వాళ్ళావిడ ఫోను చేసి ‘వదినగారూ, లెక్క ఏమైనా మిగిలిందా’ అని అడిగింది. అడగడం తప్పు కాదు, నేను ముందు చెప్పకపోవడమే తప్పు. ఇప్పుడు చిట్టా మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, మిగిలినది వచ్చే రాలీకి జమ.

బయల్దేరడానికి ముందు రోజు బండి సర్దడం మగవాళ్ళ పనని వదిలేయకండి. సామాను ఎక్కడ పెట్టామన్నదే ట్రైలర్‌కు ప్రాణం. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు కారు కొక్కెం మీద పడాలి. మాది సామానుతో 800 కిలోలు, అంటే ముక్కు మీద 80 నుంచి 120. ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌ను గట్టి నేల మీద పెట్టి, చెక్క వేసి, ముక్కు దాని మీద ఆన్చితే తెలిసిపోతుంది. తెనాలి అన్నయ్యగారు ఒకసారి నాలుగు వాటర్ క్యాన్లు, బియ్యం బస్తా వెనక డిక్కీలో వేశారు. హైవే మీద పక్కనుంచి లారీ దాటగానే ట్రైలర్ కుక్కతోకలా ఊగడం మొదలెట్టింది. అదృష్టం, ఆయన కంగారుపడి బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశారు, దానంతటదే సర్దుకుంది. బరువైనవి ఇరుసు మీదా, దానికి కాస్త ముందూ పెట్టండి. కింద పెట్టండి, పై అరల్లో దుప్పట్లే.

అలాగే ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుందని చాలామందికి తెలీదు. దాని కాగితాలు విడిగా ఒక కవర్లో ఉండాలి. హైవే మీద ఇబ్బంది వస్తే 1033, అంబులెన్సుకు 108. ఈ రెండూ కారు అద్దం మీద రాసి అంటించుకోండి, ఫోన్లో వెతికే తీరిక అప్పుడుండదు.

ఏడు బళ్ళూ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోదామనుకోవద్దు. ఊరి మధ్య సిగ్నల్ దగ్గరే ముక్కలైపోతాం, పైగా వెనకున్నవాళ్ళు అందుకోవాలని తొందరపడతారు. బెంజ్ సర్కిల్ దగ్గర కలుద్దామన్న వెర్రి ఆలోచన కూడా ఒకసారి చేశాం. ట్రైలర్ ఆపే చోటు లేక రెండు రౌండ్లు కొట్టాం. ఇప్పుడు సూర్యలంక వెళ్తే మంగళగిరి దాటాక హైవే పక్కన వెడల్పున్న పెట్రోలు బంకులో మొదటి కలయిక, పొన్నూరులో టీ, బాపట్లలో కూరగాయలు. మధ్యలో ఎవరి వేగం వాళ్ళది. అందరికంటే వెనక మాత్రం జాకీ, గాలి పంపు, పానాలు ఉన్న బండి ఉండాలి, అంటే మాదే. మలుపుల ఘాట్‌రోడ్లకు ట్రైలర్లు వద్దని నా గట్టి అభిప్రాయం. మారేడుమిల్లి ఎంత ఊరించినా సరే, అక్కడికి వ్యాన్లు వెళ్ళచ్చు, ట్రైలర్ను ఇంట్లో వదిలేయండి.

చోటికి నాలుగింటిలోపే చేరాలి. నవంబరులో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, చీకట్లో ట్రైలర్ రివర్సు చేయడం కంటే కాపురాలకు పరీక్ష ఇంకోటి లేదు. (వెనక నిలబడి ‘రా రా రా’ అనే మనిషి ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే ఒకరు రా అంటారు, ఇంకొకరు ఆగు అంటారు.) పెద్ద బండి ముందు లోపలికి. తలుపులన్నీ మధ్యకు తిరగాలి. జనరేటర్ దూరంగా, దాని పొగ బళ్ళ మీదికి రాకుండా గాలి పోయే వైపున పెట్టాలి. చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టాకే కొక్కెం విప్పాలి. ఈ వరస తప్పితే బండి తనంతట తానే తోట చూడ్డానికి బయల్దేరుతుంది.

కరెంటు లెక్క తేలిక. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్లు ఉంటాయి. 30 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా 240. ఒక టన్ను ఏసీ వేస్తే గంటకే బ్యాటరీ నేల చూస్తుంది. నవంబరులో ఏసీ ఎందుకు చెప్పండి? దోమతెర చాలు. గ్యాసు మాత్రం జాగ్రత్త. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల దగ్గర పేరుకుంటుంది. గోడకు కింది భాగంలో గాలి పోయే కంత ఉండాలి. చలేస్తోందని దానికి గుడ్డలు కుక్కకూడదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. క్యాసెట్ టాయిలెట్ అంటే ఇరవై లీటర్ల డబ్బా. ఇద్దరు మనుషులకు రెండు మూడు రోజులు వస్తుంది. దాన్ని సెప్టిక్ ట్యాంకున్న మరుగుదొడ్డిలోనే పోయాలి, అదీ ఇంటివాళ్ళను ముందే అడిగి. పక్కనే కాలువ పారుతోంది, ఎవరూ చూడట్లేదు అన్న బుద్ధి పుడుతుంది, అందరికీ పుడుతుంది. మన కృష్ణా కాలువల నీళ్ళతోనే దిగువ ఊళ్ళవాళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. మా పుట్టింటి చెరువూ అలా నిండేదే. కాబట్టి మా రాలీలో కాలువలో డబ్బా వంపినవాళ్ళను మళ్ళీ పిలవం. రూలు అంత మొరటుగానే ఉండాలి. గిన్నెలు కడిగిన నీళ్ళకు తోటలో చిన్న గుంట తవ్వి, జల్లెడ పెట్టి పోస్తాం. మెతుకులు జల్లెడలో ఆగకపోతే రాత్రికి పందికొక్కులు వస్తాయి.

వంటకు ఒక్కటే మాట. మొదటి రాత్రి ఎవరూ పొయ్యి వెలిగించకూడదు. పులిహోర, పెరుగన్నం, చపాతీలు, ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చి మధ్యలో పెట్టేయాలి. ప్రయాణం చేసొచ్చిన ఆడవాళ్ళను వెంటనే వంటకు దింపితే మర్నాటికి రాలీ సగం అయిపోయినట్టే. రెండో రోజు వంట మగవాళ్ళది. దోసకాయ పప్పు, గుత్తివంకాయ, ఉలవచారు, కట్టెల పొయ్యి మీద. మాస్టారు గుంటూరు కారం ఎంత వేస్తారో నేను పక్కన కూర్చుని చూస్తాను. ఇడ్లీపిండి తెచ్చేవాళ్ళు గిన్నె సగానికే పోసి తేవాలి. బండి కుదుపుకూ మధ్యాహ్నం వేడికీ పిండి పొంగి మూత తన్నేసి, మా బండిలో పరుపు దాకా పారింది ఒకసారి. ఆ పుల్లవాసన ఉగాది దాకా ఉంది.

కార్యక్రమాలు రోజుకు రెండు చాలు. పొద్దున ఏడింటికి అందరూ కలిసి కాఫీ, రాత్రి ఏడున్నరకు భోజనం. మిగతా సమయాన్ని నింపకండి. తంబోలా దానంతటదే మొదలవుతుంది, పిల్లలు చెట్లెక్కుతారు, మగవాళ్ళు ఒకరి ట్రైలర్ కింద ఒకరు దూరి వెల్డింగు చూసుకుంటారు. నేను పెట్టిన ఒకే ఒక్క వేడుక ‘బండి పేరంటం’. రెండో రోజు సాయంత్రం ప్రతి బండివాళ్ళూ తలుపు తీసి, మిగతావాళ్ళను పిలిచి, పసుపు కుంకుమ, శనగలు ఇచ్చి లోపల చూపించాలి. మడతమంచం ఎలా పెట్టారు, పోపులపెట్టె కుదుపుకు ఒలక్కుండా ఎక్కడ పెట్టారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. మా ఆయన ముప్ఫై ఏళ్ళ అనుభవంతో కనిపెట్టలేని గరిటెల కొక్కేలు ఏలూరు డాక్టరుగారి భార్య బట్టల క్లిప్పులతో చేసింది.

మైకు సంగతి. ఒక అబ్బాయి పాటల స్పీకరు తెచ్చాడు. పదకొండింటి దాకా అంత్యాక్షరి. పొద్దున్న చూస్తే కాపలా కుటుంబంలో బాలింత కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రాత్రంతా పసివాడు నిద్రపోలేదట. ఆమె ఏమీ అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలే చెప్తున్నాయి. మేం తొమ్మిదికే ఆపేస్తాం, తర్వాత గొంతుతో పాడుకోవచ్చు. జనరేటర్ కూడా తొమ్మిదికే. మందు గురించి కూడా ముందే తేల్చుకోండి. మా పద్ధతి: తాగేవాళ్ళు వాళ్ళ బండిలో తాగుతారు, తాగినవాళ్ళు నిప్పు దగ్గరికీ నీళ్ళ దగ్గరికీ రారు. సూర్యలంకలో సాయంత్రం ఐదు తర్వాత తాగనివాళ్ళు కూడా సముద్రంలో దిగకూడదు. అక్కడి అలలు పైకి కనిపించినంత మంచివి కావు.

తిరిగి వచ్చే రోజు పదింటికల్లా కదలండి. టెంటు మేకులు లెక్కపెట్టండి, తోటలో మిగిలిన మేకు ట్రాక్టరు టైరులో తేలుతుంది. కాపలా కుటుంబానికి ఇవ్వాల్సింది నేనే చేతికిస్తాను, చిన్నవాడికి ఒక జత బట్టలతో సహా. ఇల్లు చేరాక ప్రతి బండి నుంచీ నాకు ఒక ఫోను రావాలి. ఏడు ఫోన్లూ వచ్చాకే చిట్టాలో గీత గీస్తాను.

ఆఖరికి, నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి, ఫ్రిజ్ కరెంటు తీసేసినవాళ్ళు దాని తలుపు మూయకండి. సందులో ఒక తువ్వాలు మడిచి పెట్టి వదిలేయండి. సూర్యలంక నుంచి వచ్చాక తెనాలివాళ్ళు చేపల పులుసు గిన్నె లోపలే మరిచి తలుపు మూశారు. నలభై రోజుల తర్వాత తీశారట. ఆ ఫ్రిజ్ ఇప్పుడు మా ఆటోనగర్ షెడ్డు వెనక వేపచెట్టు కింద ఉంది, నట్లూ బోల్టులూ వేసుకుంటున్నారు.